తలుపుకు గన్ను పెట్టే ముందు రంగు పాకం చూడుర్రి



ఈసారి పంట ముచ్చట కాదు, తలుపుల ముచ్చట. పోస్టు జర పొడుగున్నది, ఓపికతోని చదువుర్రి. ఇంట్ల పాత టేకు తలుపులు, దర్వాజలు ఉన్నోళ్లకు ఇది పైసలు మిగిల్చే ముచ్చట. ఇంట్ల చిన్నపిల్లలు ఉన్నోళ్లకైతే పైసల కంటే పెద్ద ముచ్చట.

మా ఖిలా వరంగల్ సంగతి చూసినోళ్లకు తెలుసు. మట్టికోటకూ రాతికోటకూ నడుమ పొలాలు, రాతికోట లోపట ఇండ్లు, నడుమ కాకతీయుల తోరణాలు. చూడ వచ్చినోళ్లు ఫొటోలు దిగి పోతరు, మనం ఇక్కడ బతకాలె. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్తది కట్టరాదు, దాని మీద ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి ఉంటేనే కట్టాలె అని 2010ల కేంద్రం చట్టాన్ని సవరించింది. పాత ఇంటిని బాగు చేసుకోవాలన్నా అర్జీ పెట్టుకోవాలె. అందుకే మా దిక్కు చాలామందిమి తాతల నాటి ఇండ్లల్లనే ఉంటున్నం. ఇల్లు పాతది, తలుపులు ఇంకా పాతయి.

గిసుంటి ఇండ్లు చూసి పాత తలుపులు కొనేటోళ్లు ఆటోలేసుకొని తిరుగుతరు. "రంగు పెచ్చులు లేసింది, గీతలు పడ్డయి, దీన్ని ఇంకా ఏం చేసుకుంటరు" అని తక్కువ చేసి మాట్లాడుతరు. మనోళ్లు కూడా నిజమే అనుకొని ఇచ్చేస్తరు. వచ్చిన పైసలకు ఇంకిన్ని కలిపి ఫ్లష్ డోరు తెచ్చి పెడుతరు. అది రెండు వానకాలాలు తడిస్తే అడుగున ఉబ్బుతది. ఆలోచన చెయ్యుర్రి, కొనేటోడు ఆ తలుపుల ఏం చూసిండు? లోపలి టేకు చూసిండు. మనం ఏం చూసినం? పైన పెచ్చులు చూసినం. చెక్కకు ఏం కాలేదు, పూత పాడైంది. పూత మార్చుకుంటే అయిపోయేదానికి చెక్కనే అమ్ముకుంటున్నం.

మా ఇంటి తలుపులు ఆరు రెక్కలు. పోయిన మాఘమాసంల నేనూ, మా అన్న కొడుకూ కలిసి వాటికి స్ప్రే గన్నుతోని రంగు కొట్టినం. వాడు హన్మకొండల ఒక కాంట్రాక్టరు దగ్గర ఫర్నిచర్‌కు రంగు కొడుతడు. చేతిపని వానిది, కాగితం మీద లెక్క రాసుకునుడు నాది. ఆ లెక్కనే ఇప్పుడు చెప్తున్న.

కుంచెతోని వేసినా రంగు రంగే. కానీ పాత తలుపులకు గళ్లు, అంచులు, చెక్కుడు పువ్వులు ఉంటయి. కుంచె అక్కడ గీతలు పెడుతది, మూలలల్ల రంగు ముద్ద కడుతది. గన్ను అయితే పొగమంచు లెక్క పడి అంతటా ఒక్కతీరుగ పరుచుకుంటది. అయితే ఆ పొగమంచు ఊరికే రాదు. రంగు ఎంత చిక్కగ ఉన్నదన్న దాని మీదనే సగం పని ఆధారపడి ఉన్నది.

మనకు తెలిసిన పనితోనే చెప్త. గడ్డిమందు కొట్టేటప్పుడు ఒక నాజిల్, పురుగుమందుకు ఇంకో నాజిల్ పెడుతం. ఒకదానికి చుక్క పెద్దగ పడాలె, ఇంకోదానికి సన్నగ పడాలె. మందునీళ్లు ఎప్పుడైనా నీళ్ల తీరే పలుచగ ఉంటయి కాబట్టి నాజిల్, ప్రెషర్ చూసుకుంటే చాలు. రంగు అట్ల కాదు. నాజిల్, గాలి రెండూ సరిగ్గనే ఉన్నా, రంగు చిక్కగ ఉంటే గాలి దాన్ని చీల్చలేదు. పెద్ద పెద్ద చుక్కలు పడి, అవి ఒకదాంట్ల ఒకటి కలువకముందే ఆరుతయి. చెయ్యి పెట్టి చూస్తే నారింజ తొక్క తీరు గరుకు ఉంటది. పలుచన ఎక్కువైతే సన్నగనే పడుతది కానీ నిలువు తలుపు మీద నిలువదు, కన్నీళ్ల లెక్క కిందికి కారుతది. అరిసెల పాకం తీరన్నట్టు. ముదిరితే రాయి, లేత అయితే నూనెల ఇచ్చుకపోతది. నడుమ ఒక్క ఘడియ ఉంటది, అదే పట్టుకోవాలె.

మన ఆడోళ్లు పాకాన్ని నీళ్లల్ల వేసి ఉండ కట్టి చూస్తరు. వరి విత్తనానికి ఉప్పునీళ్లు కలిపేటప్పుడు మనం కోడిగుడ్డు వేసి తేలుతదా లేదా చూస్తం. రంగుకు కూడా అసుంటి పరీక్షే ఉన్నది. దాని పేరు ఫోర్డ్ కప్పు. కింద సన్న రంధ్రం ఉన్న చిన్న గిన్నె. 4 నంబరు కప్పు అని అడగాలె. కొన్ని గన్నులతోని ప్లాస్టిక్‌ది ఒకటి వస్తది, లేకుంటే రంగుల సామాన్ల దుకాణంల దొరుకుతది. రంధ్రానికి వేలు అడ్డం పెట్టి, అంచు దాకా రంగు పోసి, వేలు తీసిన క్షణం నుంచి ఫోనుల టైము పెట్టుర్రి. దార సన్నగ తెగకుండ పడుతది. ఆ దార మొదటిసారి తెగిన కాడ టైము ఆపుర్రి. చుక్కలు ఇంకా పడుతనే ఉంటయి, వాటితోని పని లేదు. ఎన్ని సెకన్లు పట్టిందో అదే చిక్కదనం లెక్క. మంచినీళ్లు ఆ కప్పుల సుమారు 10 సెకన్లల్ల దిగుతయి. నూనె రంగు, అంటే మనం ఎనామిల్ అంటం చూడు, అది గన్నుల కొట్టాలంటే 22 నుంచి 28 సెకన్ల నడుమ ఉండాలె. లక్కర్ అయితే ఇంకా పలుచగ, 18 నుంచి 22.

మాకు డబ్బాల ఉన్న ఎనామిల్ కలుపకముందు కప్పుల నిమిషంన్నర పట్టింది. లీటరుకు 150 మిల్లీలీటర్ల టర్పెంటైన్ కలిపితే 40 సెకన్లకు దిగింది. ఇంకో 50 కలిపితే 32. ఇంకో 30 పోసినంక 25 కాడికి వచ్చింది, అక్కడ ఆపినం. చూసిండ్రా, మొదటి 150కి 50 సెకన్లు తగ్గింది, తర్వాత కొంచెం కొంచెమే. అందుకే ఒక్కసారి గుమ్మరియ్యొద్దు. పోసింది తీసుడు ఉండదు. మీ డబ్బాకు ఇదే లెక్క వస్తదని అనుకోవద్దు. కంపెనీని బట్టి, రంగును బట్టి మారుతది. డబ్బా మీద కంపెనీ వాళ్లు రాసిన కొలత చదువుర్రి, దానికంటే కొంచెం తక్కువతోని మొదలుపెట్టి కప్పుతోని చూసుకుంట పోవుర్రి. ఇంకోటి, ఎనామిల్‌కు టర్పెంటైన్, లక్కర్‌కు లక్కర్ థిన్నర్. దానిది దీంట్ల పోస్తే రంగు విరుగుతది, లేకుంటే కింది పూత లేస్తది.

ఎండ కూడా లెక్కల ఉన్నది. మన దేశంల రంగుల కంపెనీలు కప్పు లెక్కను 30 డిగ్రీల కాడ చెప్తయి. వరంగల్ల మే నెలల 44 దాకా పోతది, చలికాలం పొద్దుగాల 15 కాడ ఉంటది. నెయ్యి తీరే రంగు. చలికి గట్టిపడుతది, వేడికి జారుతది. పొద్దున ఏడింటికి కలిపి కప్పు చూసిన రంగును, పన్నెండింటికి ఎండల కొడితే అది వేరే రంగు అన్నట్టే. మధ్యాహ్నం మళ్లా కప్పు పెట్టుర్రి. ఎండల ఇంకో తిప్పలుంది. రంగు పలుచగనే ఉంటది కానీ గన్ను నుంచి తలుపు దాకా పోయేలోపు గాలిల సగం ఆరిపోతది. తలుపు మీద పొడి పడ్డట్టు గరుకు వస్తది. మనోళ్లు చిక్కగుందేమో అని ఇంకింత థిన్నర్ పోస్తరు, అప్పుడు కారుతది. అక్కడ తప్పు చిక్కదనంది కాదు, వేళది. ఎండాకాలం పొద్దుగాల కొట్టాలె, నీడల కొట్టాలె.

వానకాలం లక్కర్ కొడితే తెల్లగ పాలపొర తీరు వస్తది. ఇది చాలామంది థిన్నర్ల కల్తీ అనుకుంటరు. కల్తీ ఉండొచ్చు కానీ, అసలు కారణం మన ఇంటి కుండల ఉన్నది. కుండ మీది తడి ఆవిరైతే లోపలి నీళ్లు సల్లబడ్డట్టు, థిన్నర్ జల్ది ఆవిరైతే పూత సల్లబడుతది. ముసురు గాలిల ఉన్న తేమ ఆ సల్లటి పూత మీద నీళ్లయి కూర్చుంటది. దుకాణంల రిటార్డర్ అని మెల్లగ ఆరే థిన్నర్ ఇస్తరు, అది కొంచెం కలిపితే తగ్గుతది. నన్నడిగితే ముసురు పట్టినప్పుడు ఆ పనే పెట్టుకోవద్దు. వడ్లు ఆరబోయని దినం తలుపుకు రంగు కూడా కొట్టొద్దు, అంతే.

కలిపిన రంగును వడకట్టుడు మరిచిపోవద్దు. జీవామృతం వడకట్టకపోతే డ్రిప్పు ఏమయితదో మీకు చెప్పే పని లేదు. సన్నటి నైలాన్ గుడ్డల వడకట్టినంకనే గన్నుల పోయాలె. నాజిల్ పై పూతకు 1.4 మిల్లీమీటర్లది, ప్రైమర్ చిక్కగ ఉంటది కాబట్టి దానికి 1.8ది పెట్టినం. కంప్రెసర్ ట్యాంకుల దిగిన నీళ్లను కింది కాక్ తిప్పి పొద్దున్నే వదిలెయ్యాలె. లేకుంటే గాలితోని నీటిచుక్క వచ్చి పూత మీద గుంట పడుతది.

అన్నీ చూసుకున్నా సరాసరి తలుపు మీద కొట్టొద్దు. పాత సన్‌మైకా ముక్కనో రేకునో నిలబెట్టి దాని మీద చూడుర్రి. పండబెట్టి చూస్తే కారేది తెలువదు. గరుకు వస్తే ముందు గన్నును జర దగ్గరకు తెచ్చి చూడుర్రి, జానెడు దూరం ఉంటే చాలు. తర్వాత గాలి చూడుర్రి. రెంటికీ తగ్గకపోతేనే థిన్నర్ 20 మిల్లీలీటర్లు పొయ్యుర్రి. కారితే థిన్నర్ తప్పు అని అనుకునే ముందు మీ చెయ్యి మెల్లగ పోతున్నదేమో చూడుర్రి. చెయ్యి నాగలి చాలు తీరు తిన్నగ పోవాలె, చివరికి వచ్చినప్పుడు మణికట్టు తిప్పి అర్ధచంద్రం గీయొద్దు. ఒక చాలు మీద రెండో చాలు సగం ఎక్కాలె. ఒక్కసారి ఒక్కటే మార్చుర్రి. మూడు కలిపి మారిస్తే దేంతోని బాగైందో ఎన్నటికీ తెలువదు. ఎరువుకైనా అంతే కదా.

థిన్నర్ గురించి ఇంకో ముచ్చట, గుత్తకు ఇచ్చేటోళ్లు బాగ వినుర్రి. థిన్నర్ తలుపు మీద ఉండదు, గాలిల పోతది. ఉదాహరణకు, లీటరు రంగుల సగం గట్టి సరుకు ఉన్నదనుకోర్రి. పావు లీటరు థిన్నర్ పోస్తే అది 40 శాతానికి దిగుతది. తడి మీద రెండు పూతలూ ఒక్కతీరే మెరుస్తయి. ఆరినంక ఒకటి దొడ్డు, ఇంకోటి సన్నం. గన్నుతోని నునుపు కావాలంటే పలుచన చెయ్యక తప్పదు, కాబట్టి రెండు పూతలకు బదులు మూడు వెయ్యాలె. లెక్క ఇట్ల ఉన్నది కనుక, "రెండు చేతులు, గన్ను ఫినిషింగ్" అని తక్కువ ధర చెప్పినోణ్ని, ఎంత కలుపుతవు అని అడుగుర్రి. మా చుట్టపోళ్లింట్ల ఒకాయన అట్ల కొట్టిపోయిండు. దసరాకు అద్దం తీరున్నది, ఉగాదికి అంచులల్ల చెక్క కనిపించింది.

ఇంతసేపు రంగు గురించి చెప్పిన కానీ, నునుపు రంగుల ఉండదు. కింద గరుకుంటే గన్ను ఆ గరుకును ఇంకింత మెరిపించి చూపెడుతది. వెయ్యి స్తంభాల గుడిల నల్లరాతి స్తంభాల మీద మొఖం కనిపిస్తది కదా, ఆ నునుపు పూతతోని వచ్చింది కాదు, రుద్దుడుతోని వచ్చింది. నిర్మల్ బొమ్మలు చేసేటోళ్లు కూడా పొనికి చెక్కను చెక్కి, చింతగింజల జిగురు కలిపిన లప్పంతోని సాపు చేసినంకనే రంగుకు పోతరు. మా తలుపులకు ఆరు రోజులు పడితే, అండ్ల నాలుగు రోజులు రుద్దుడే. 120 కాగితంతోని మొదలుపెట్టి 180, 220. ప్రైమర్ ఆరినంక 320. ఎప్పుడైనా చెక్క నార వెంటనే రుద్దాలె, అడ్డం రుద్దితే ఆ గీత చివరి దాకా పోదు.

ఇగ మొదట్ల పిల్లల ముచ్చట అన్న కదా, అది ఇదే. ఈ ఒక్క పేరా అయినా ఇంట్ల అందరికీ చదివి వినిపియ్యుర్రి. పాత రంగులల్ల సీసం ఉండొచ్చు. పసుపుపచ్చ, ఎరుపు, ఆకుపచ్చ రంగుల తళుకు చాలామట్టుకు సీసం మందుతోనే వచ్చేది. ఇండ్లకు వేసే రంగులల్ల సీసం 90 పీపీఎం దాటొద్దని మన దేశంల 2016ల నిబంధన తెచ్చిండ్రు, అది 2017 నవంబరు 1 నుంచి అమలైంది. మన తాతల తలుపుల మీది పూతలు దానికి ఎంతో ముందటివి. ఆ పూతను పొడిగ బరబర రుద్దితే దుమ్ము లేస్తది, గచ్చు మీద పడుతది. అక్కడే పాకే పిల్ల ఆ చెయ్యి నోట్ల పెట్టుకుంటది. సీసం పిల్లల మెదడును దెబ్బ తీస్తది. ఇంత తింటే పర్వాలేదు అనే కొలతనే లేదు. పోయిన తెలివి మళ్లీ రాదు.

అందుకని మేం తలుపులు ఊడదీసి కొట్టంల పెట్టినం. కింద టార్పాలిన్ పరిచి, పాత పూత పొయ్యేదాకా నీళ్లు చల్లుకుంట వాటర్ పేపర్‌తోని తడిమీదనే రుద్దినం. రాలినదాన్ని ఊడువకుండ తడిగుడ్డతోని ఎత్తి సంచిల కట్టేసినం. నిప్పుతోని కాల్చి పెచ్చులు తీయొద్దు, ఆ పొగ ఇంకా చెడ్డది. ఆ సంచిని పెంటకుప్పల కూడా వెయ్యొద్దు, అది మళ్లా చేనుకే పోతది. ఆ నాలుగు రోజులు నా మనుమరాలిని దాని అమ్మమ్మోళ్ల ఇంటికి పంపినం. పాత పూత మొత్తం తీసే ఓపిక లేకపోతే, పెచ్చులు లేసిన కాడ మాత్రం తడిగ రుద్ది, మిగిలినదాని మీద కొత్త పూత గట్టిగ కప్పెయ్యుర్రి. పూత చెదరకుండ ఉంటే సీసం లోపలనే ఉంటది.

రెండోది కొట్టేటోళ్ల సంగతి. మా పిలగాడు మూడేండ్లు మూతికి దస్తీ కట్టుకొనే కొట్టిండు. రాత్రిపూట దగ్గు, పొద్దున్నే ఛాతి పట్టేసినట్టు. దస్తీ పొడిని ఆపుతది, ఆవిరిని ఆపది. షాపులల్ల ఇప్పుడు పీయూ పూత అని రెండు డబ్బాలు కలిపి కొడుతరు, గాజు తీరు వస్తది. ఆ గట్టిపడే డబ్బాల ఐసోసైనేట్ ఉంటది. 1984ల భోపాల్ల అంతమందిని చంపిన గ్యాసు మిథైల్ ఐసోసైనేట్. అదీ ఇదీ ఒక్కటి కాదు, తప్పుగ అనుకోవద్దు, కానీ ఒక్క వంశం. దీన్ని పీల్చుకుంట పోతే ఉబ్బసం పట్టుకుంటది. ఒకసారి ఒంటికి పడకుండ అయితే, తర్వాత కొంచెం తగిలినా ఊపిరాడదు. ఇంటి తలుపుకు అది అక్కరలేదు. ఎనామిల్ చాలు. ఎనామిల్‌కైనా ఆవిరిని పట్టే బొగ్గు కార్ట్రిడ్జి ఉన్న మాస్కు పెట్టుకోవాలె. అది గన్ను ధరల సగం కూడా ఉండదు. మొదట మాస్కు కొను, అప్పుడు గన్ను పట్టు అని మా పిలగానికి చెప్పిన. ఇప్పుడు పెట్టుకుంటున్నడు. పని ఇచ్చేటోడు కొనియ్యలేదు, మేమే కొన్నం.

పురుగుమందు పంపుతోని రంగు కొట్టొచ్చునా అని ఇద్దరు ముగ్గురు అడిగిండ్రు. వద్దు. థిన్నర్‌కు లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బుతయి. పలుచగ చేసి కొట్టినా చుక్క అంత సన్నగ రాదు. దాన్ని మళ్లా మిరప తోటకు తీస్కపోతే నాజిల్ జామ్, లేదంటే ఆకు మాడుతది. రెండు పనులకు రెండు సామాన్లు ఉండాలె.

కొట్టేటప్పుడు దగ్గర బీడీ, పొయ్యి, దేవుని దీపం ఏదీ ఉండొద్దు. రంగు తుడిచిన గుడ్డలు కుప్ప పెట్టొద్దు. పచ్చిగడ్డి వాము లోపల వేడెక్కినట్టు, నూనె రంగు గుడ్డలు కూడా కుప్పల వేడెక్కి అంటుకునే భయం ఉన్నది. విడివిడిగ బయట ఆరెయ్యుర్రి.

గడపకు మాత్రం మేం గన్ను పెట్టలేదు. మా ఇంటామె కొట్టనియ్యలేదు. దానికి పసుపు ఆమెనే పూస్తది, ముగ్గు ఆమెనే వేస్తది. అది ఆమె పని, మన కప్పు లెక్కలు అక్కడ నడువయి.

తలుపులు కొనేటాయన మొన్న మళ్లా వచ్చిండు. అవే తలుపులని గుర్తుపట్టలే, కొత్తగ చేయించిండ్రా అని అడిగిండు. పాతయే అన్న. ఈసారి ధర ఆయనే పెంచి చెప్పిండు. అమ్ముత అనలేదు.

మీ ఇంట్ల అసుంటి తలుపులు ఉంటే అమ్మే ముందు ఒక్క మూలకు గోటితోని గీకి, కింద ఏ చెక్క ఉన్నదో చూసుకోర్రి. రంగు కొట్టించుకున్నా, మీరే కొట్టుకున్నా, చిక్కదనం ఎంత పెట్టిండ్రు, ఎంత పట్టింది అని ఒక కాగితం మీద రాసుకోర్రి, వచ్చేసారికి పనికొస్తది. 4 నంబరు కప్పు మా ఇంట్ల ఉన్నది. మా దిక్కు ఎవరికి కావాలన్నా వచ్చి తీస్కపోవుర్రి. కాకపోతే పని అయినంక టర్పెంటైన్‌తోని కడిగి తెచ్చి ఇయ్యాలె. రంధ్రంల ఇంత రంగు ఎండినా అది చెప్పే లెక్క అబద్ధమైతది.